బడిలో కౌన్సెలర్ ఎందుకు? మన తల్లిదండ్రులు తెలుసుకోవలసిన సంగతులు

మాధవరం: కౌన్సెలింగ్ అన్న మాట మన ఇళ్లకు కొత్తది కాదు. కానీ ఆ మాట వినగానే గుర్తొచ్చేవి రెండే. ఒకటి, ప్లస్ టు పాసయ్యాక ఇంజనీరింగ్ సీట్ల కోసం జరిగే కౌన్సెలింగ్. రెండోది, గొడవపడిన కుర్రాళ్లను పోలీసులు స్టేషన్‌కు పిలిపించి 'కౌన్సెలింగ్ ఇచ్చి పంపారు' అని పేపర్లో చదివే వార్త. అందుకే 'మీ అబ్బాయి ఒకసారి కౌన్సెలర్‌ను కలిస్తే మంచిది' అని స్కూలు నుంచి కబురు వస్తే చాలామంది తల్లిదండ్రుల గుండె గుభేలుమంటుంది. వాడు ఏం తప్పు చేశాడో అని ఒక భయం. వాడికి ఏదో మానసిక జబ్బు అంటగడతారేమో అని ఇంకో భయం.

స్కూల్లో, కాలేజీలో ఉండే కౌన్సెలర్ పని ఈ రెండూ కాదు. ఆయన సీటు ఇప్పించేవారు కాదు, బుద్ధి చెప్పి పంపేవారూ కాదు. పిల్లవాడి కడుపులో మాట బయటికి రానిచ్చి, దాన్ని అతని మీదకే తిప్పకుండా, దారి చూపే మనిషి. ఆ ఒక్క తేడా అర్థమైతే ఆయన్ను ఎప్పుడు కలవాలో, ఏం అడగాలో, ఏం అడగకూడదో మనకే తెలుస్తుంది.

ఈ ఆలోచన మద్రాసుకు పాతదే

విద్యార్థికి సలహా చెప్పడానికి ప్రత్యేకంగా ఒక మనిషి ఉండాలన్న ఆలోచన అమెరికాలో 1908 నాటికి ఒక రూపం తీసుకుంది. ఆ ఏడాది బోస్టన్ నగరంలో ఫ్రాంక్ పార్సన్స్ అనే ఆయన యువకులకు ఏ వృత్తి తగినదో తేల్చుకోవడంలో సాయం చేసే కార్యాలయం తెరిచారు.

మన దేశంలో ఈ మాటను గట్టిగా చెప్పినవారిలో మద్రాసు పెద్దమనిషి ఒకరున్నారు. 1952-53లో పనిచేసిన మాధ్యమిక విద్యా కమిషన్‌కు అధ్యక్షుడు డాక్టర్ ఎ. లక్ష్మణస్వామి ముదలియార్. మద్రాసు విశ్వవిద్యాలయానికి 27 ఏళ్లు వైస్ చాన్సలర్‌గా ఉన్న ఆయన పుట్టింది కర్నూలులో. శిక్షణ పొందిన గైడెన్స్ అధికారులు, కెరీర్ మాస్టర్లు అన్ని విద్యాసంస్థలకూ క్రమంగా అందుబాటులోకి రావాలని ఆ కమిషన్ సిఫార్సు చేసింది. తరువాత 1964-66 నాటి కొఠారీ కమిషన్, అంతమందిని పెట్టలేకపోతే కనీసం పది స్కూళ్లకు ఒక కౌన్సెలర్ అయినా తిరుగుతూ ఉండాలని చెప్పింది.

సిఫార్సులు కాగితం మీద ఉండగానే తరాలు గడిచాయి. ఈ మధ్యకాలంలో పరిస్థితిని కదిలించింది ఒక తెలుగు నగరం నుంచి వెళ్లిన కేసు.

విశాఖ కేసు, సుప్రీంకోర్టు మాట

విశాఖపట్నంలో హాస్టల్లో ఉంటూ నీట్ కోచింగ్ తీసుకుంటున్న 17 ఏళ్ల విద్యార్థిని 2023 జులైలో మరణించింది. దర్యాప్తు సరిగా జరగలేదంటూ ఆమె తండ్రి చేసిన పోరాటం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2025 జులై 25న జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతా ధర్మాసనం దర్యాప్తును సి.బి.ఐ.కి అప్పగించింది. దానితో ఆగకుండా దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. పార్లమెంటు గానీ, ప్రభుత్వాలు గానీ తగిన చట్టమో నిబంధనలో తెచ్చేవరకు ఇవి కట్టుబడి ఉండవలసినవని చెప్పింది.

తీర్పులో కోర్టు ఎత్తి చూపిన లెక్కలు జాతీయ నేర గణాంకాల సంస్థవి. 2001లో 5,425 మంది విద్యార్థులు ప్రాణాలు తీసుకుంటే, 2022లో ఆ సంఖ్య 13,044. అందులో 2,248 మంది విషయంలో నమోదైన కారణం పరీక్ష తప్పడం.

మార్గదర్శకాల్లో తల్లిదండ్రులు గుర్తుపెట్టుకోవలసినవి ఇవి:

- 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత గల కౌన్సెలర్ గానీ, సైకాలజిస్టు గానీ, సోషల్ వర్కర్ గానీ కనీసం ఒకరుండాలి. అంతకంటే చిన్న సంస్థలు బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి.
- పరీక్షల వేళ, ఒక తరగతి నుంచి ఇంకో దశకు మారే వేళ, చిన్న చిన్న బృందాలకు ఒక్కో మెంటర్‌ను కేటాయించాలి.
- మార్కులను బట్టి పిల్లలను వేరు వేరు బ్యాచ్‌లుగా విడదీయడం, అందరి ముందు అవమానించడం, మోయలేని లక్ష్యాలు పెట్టడం మానాలి.
- సహాయ ఫోన్ నంబర్లు క్లాసుల్లో, హాస్టళ్లలో, వెబ్‌సైట్లో పెద్ద అక్షరాలతో కనిపించాలి.
- బోధన, బోధనేతర సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి.

ఇవి కోచింగ్ సెంటర్లకూ, హాస్టళ్లకూ వర్తిస్తాయి. మాధవరం బస్ స్టాండ్‌లో ఆంధ్ర బస్సు ఎక్కించి పిల్లలను నెల్లూరు, తిరుపతి, విజయవాడ హాస్టళ్లకు పంపే కుటుంబాలు మనలో ఉన్నాయి. ఆ హాస్టల్ వార్డెన్‌ను మెస్ ఎలా ఉంటుందని అడిగినట్టే, కౌన్సెలర్ ఎవరని అడిగే హక్కు ఈ తీర్పు తరువాత మనకు ఉంది.

సి.బి.ఎస్.ఇ. స్కూళ్లకైతే బోర్డు గుర్తింపు నిబంధనల్లోనే కౌన్సెలర్, వెల్‌నెస్ టీచర్ ఉండాలన్న షరతు ఉంది.

కౌన్సెలర్ చేసే పనులు

వినడం మొదటి పని. పిల్లవాడు చెప్పేదాన్ని మధ్యలో ఆపకుండా, 'ఇంతేనా' అని తేలిక చేయకుండా, వెంటనే నీతులు చెప్పకుండా వినడం. ఇది వినడానికి సులువుగా ఉన్నా దీనికి చదువు, శిక్షణ కావాలి. సైకాలజీలోనో, సోషల్ వర్క్‌లోనో పట్టా చేసి, కౌన్సెలింగ్‌లో ప్రత్యేక శిక్షణ తీసుకున్నవారు ఈ పనికి తగినవారు. టీచర్ల కోసం ఎన్.సి.ఇ.ఆర్.టి. కూడా గైడెన్స్, కౌన్సెలింగ్ డిప్లొమా నడుపుతోంది.

ముందుగా పసిగట్టడం రెండో పని. మార్కులు ఒక్కసారిగా పడిపోవడం, ప్రతి సోమవారం పొద్దున కడుపునొప్పి అనడం, స్నేహితులను వదిలి ఒంటరిగా తిరగడం, తిండి, నిద్ర తప్పడం, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టేయడం, 'నేను లేకపోతే మీకు హాయి' లాంటి మాటలు అనడం. క్లాస్ టీచర్, పి.టి. మాస్టారు, స్కూల్ వ్యాన్ డ్రైవర్ విడివిడిగా చూసేవాటిని ఒకచోట చేర్చి చూడగలిగేది కౌన్సెలరే.

మూడోది, తగిన చోటికి పంపడం. కౌన్సెలర్ డాక్టరు కాదు, మందులు రాయరు. మందు కావలసినంత బాధ ఉందనిపిస్తే సైకియాట్రిస్టు దగ్గరికి పంపుతారు. చదవడంలో, రాయడంలో ఇబ్బంది ఉన్న పిల్లవాడిని పరీక్ష చేయించమంటారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం డిస్లెక్సియా వంటి అభ్యసన లోపాలను కూడా గుర్తించింది. సర్టిఫికెట్ ఉంటే పబ్లిక్ పరీక్షలో అదనపు సమయం వంటి వెసులుబాట్లు దొరుకుతాయి. 'మొద్దు' అని ఏళ్ల తరబడి తిట్లు తిన్న పిల్లవాడికి అది రెండో పుట్టుక లాంటిది.

నాలుగోది, టీచర్లకూ తల్లిదండ్రులకూ మధ్య వారధిగా నిలవడం. ఫలానా పిల్లవాడిని బోర్డు దగ్గర నిలబెట్టి అడిగితే నోరు పెగలదు, విడిగా అడగండి అని టీచర్‌కు చెప్పడం. పక్కింటి అమ్మాయి మార్కులతో పోల్చడం ఆపమని ఇంట్లోవాళ్లకు చెప్పడం.

ఇక ఆయన చేయకూడనివీ ఉన్నాయి. శిక్ష వేయకూడదు. విన్న సంగతిని స్టాఫ్ రూమ్‌లో కబుర్లలా చెప్పకూడదు. ఏదో ఒక కోచింగ్ సెంటర్‌కు పిల్లలను చేర్చే ఏజెంటులా మారకూడదు. అలాగే టీచరు రాని రోజున ఖాళీ క్లాసులకు పంపడానికి ఆయన్ను వాడుకోవడం యాజమాన్యం చేయకూడని పని. క్రమశిక్షణ కమిటీలో కూర్చునే మనిషే కౌన్సెలర్ అయితే ఏ పిల్లవాడూ ఆ గది తలుపు తట్టడు.

రహస్యం ఎంతవరకు?

'మా వాడు మీతో ఏం చెప్పాడు?' తల్లిదండ్రులు మొదట అడిగే ప్రశ్న ఇదే. న్యాయమైన ప్రశ్నే, కానీ దీనికి పూర్తి జవాబు దొరకకపోవడమే మంచి కౌన్సెలర్ గుర్తు. తన మాట ఇంటికి చేరుతుందని తెలిస్తే పిల్లవాడు రెండోసారి నోరు విప్పడు. కాబట్టి కౌన్సెలర్ మనకు మొత్తం కథ చెప్పరు, మనం చేయవలసింది చెబుతారు.

ఈ రహస్యానికి హద్దులు ఉన్నాయి. పిల్లవాడు తనకు తాను హాని చేసుకునే ప్రమాదం ఉన్నప్పుడు, ఇంకొకరికి హాని చేసేలా ఉన్నప్పుడు కౌన్సెలర్ దాచకూడదు. లైంగిక వేధింపు సంగతి తెలిస్తే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలపడం తప్పనిసరి. చేసినవాడు బంధువైనా, టీచరైనా, 'పరువు పోతుంది, మనలో మనం సర్దుకుందాం' అని తల్లిదండ్రులు బతిమాలినా ఆ బాధ్యత తీరదు. ఈ హద్దులను పిల్లవాడికి మొదటి రోజే చెప్పడం కౌన్సెలర్ ధర్మం.

మన ఇళ్ల ప్రత్యేక సంగతి: భాష

మాధవరంలో పుట్టి పెరిగిన మన పిల్లలకు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, క్లాసులో ఇంగ్లీషు. లెక్కల సంగతి ఇంగ్లీషులో, క్రికెట్ సంగతి తమిళంలో గలగలా చెప్పే పిల్లవాడు కూడా నాన్నమ్మ పోయాక రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని చెప్పాలంటే తెలుగు వెతుక్కుంటాడు. బెంగ, దిగులు, గుబులు, ఉక్రోషం, ఈ నాలుగూ మనకు నాలుగు వేరు వేరు బాధలు. క్లాసు ఇంగ్లీషులో ఇవన్నీ కలిపి 'టెన్షన్' అన్న ఒక్క మాట అయిపోతాయి. టెన్షన్ అన్న పిల్లవాడికి పరీక్షల భయమనుకుని టైమ్ టేబుల్ వేసి ఇస్తే, బెంగ అలాగే ఉండిపోతుంది.

అందుచేత కౌన్సెలర్‌ను కలిసినప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారో ముందే చెప్పండి. ఆయనకు తెలుగు రాకపోయినా ఫరవాలేదు. పిల్లవాడు మధ్యలో తెలుగు మాట వాడితే దాని అర్థం అడిగి తెలుసుకునే ఓపిక ఉంటే చాలు. ఇంకో మాట. తాతయ్య, నాన్నమ్మలతో కౌన్సెలర్ మాట్లాడవలసి వస్తే, పిల్లవాడినే దుబాసీగా కూర్చోబెట్టవద్దు. తన బాధను తనే తర్జుమా చేసి పెద్దలకు వినిపించడం పిల్లలకు పెద్ద శిక్ష.

భాష మార్కుల్లోనూ అడ్డు తగులుతుంది. 2006 నాటి చట్టంతో తమిళం ఒకటో తరగతి నుంచి ఏడాదికొక తరగతి చొప్పున తప్పనిసరి అవుతూ 2015-16కు పదో తరగతి చేరింది. భాషా మైనారిటీ విద్యార్థుల మినహాయింపు కోసం ఏళ్ల తరబడి కోర్టుల్లో వాదనలు నడిచాయి. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక ఏడాదికి మినహాయింపు ఇచ్చింది. మినహాయింపులు కౌన్సెలర్ చేతిలో లేవు. కానీ ఒక పిల్లవాడు చదువులో వెనుకబడ్డాడా, లేక ఒక భాషలో మాత్రమే వెనుకబడి ఆ భయంతో మిగతావీ వదిలేస్తున్నాడా అన్నది తేల్చి, ఆ ఒక్క దానికి అదనపు సాయం ఏర్పాటు చేయమని హెడ్ మాస్టర్‌కు చెప్పగలిగేది ఆయనే.

పది తరువాత, ప్లస్ టు తరువాత

పదో తరగతి అయ్యాక ఏ గ్రూపు తీసుకోవాలి? మన ఇళ్లలో ఈ నిర్ణయం చాలాసార్లు మేనమామో, బాబాయో చెప్పిన మాట మీద జరిగిపోతుంది. పిల్లవాడి ఆసక్తి, సామర్థ్యం తెలుసుకుని, ఉన్న దారులన్నీ చూపించడం కౌన్సెలర్ బాధ్యత. ఆసక్తిని బట్టి కెరీర్ కౌన్సెలింగ్ పిల్లలకూ, తల్లిదండ్రులకూ క్రమం తప్పకుండా జరగాలని పైన చెప్పిన తీర్పు కూడా అంటోంది. తమిళనాడు ప్రభుత్వం 2022 మార్చిలో మొదలుపెట్టిన 'నాన్ ముదల్వన్' పథకంలో కూడా చదువు, ఉద్యోగ దారుల సమాచారం దొరుకుతుంది.

సరిహద్దు దగ్గర ఉండే మన కుటుంబాలకు ఇక్కడ ఒక మెలిక ఉంది. తమిళనాడు ఇంజనీరింగ్ ప్రవేశాల్లో 8 నుంచి 12 వరకు ఇక్కడే చదివినవారికి నేటివిటీ సర్టిఫికెట్ అవసరం ఉండదు. పిల్లవాడిని ఇంటర్ కోసం ఆంధ్రకు పంపితే ఆ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. అక్కడ రెండేళ్లు ఇంటర్ చదివినంత మాత్రాన ఆంధ్రలో స్థానికుడూ కాడు. చదువు లెక్కన స్థానికుడు కావాలంటే వరుసగా నాలుగేళ్లు అక్కడ చదివి ఉండాలి. ఇలాంటివి బస్సు ఎక్కించకముందే తెలుసుకోవలసినవి.

ఫలితాల రోజు కౌన్సెలర్‌కు సెలవు ఉండకూడదు. తమిళనాడులో 2017 నుంచి పది, ప్లస్ టు ఫలితాల్లో రాష్ట్ర ర్యాంకులు ప్రకటించడం మానేశారు. ఫెయిలైనవారు ఆ వేసవిలోనే 'తుణై తేర్వు' అంటే సప్లిమెంటరీ పరీక్ష రాసి, ఏడాది పోకుండా పైచదువుకు వెళ్లవచ్చు. ఈ ఒక్క సంగతి ఫలితాలకు ముందే పిల్లలందరికీ, ముఖ్యంగా వెనుక బెంచీల పిల్లలకు, చెప్పి ఉంచడం కౌన్సెలర్ చేయగల అతి ముఖ్యమైన పని. ఇంట్లో మనమూ చెప్పవచ్చు. ఫలితం వచ్చాక కాదు, రాకముందే.

కాలేజీలో

కాలేజీకి వచ్చేసరికి విద్యార్థి పద్దెనిమిది దాటినవాడు. అతని అనుమతి లేకుండా, ప్రాణాపాయం వంటి సందర్భాల్లో తప్ప, కౌన్సెలర్ ఇంటికి సమాచారం ఇవ్వరు. ఫీజు కట్టేది మేమే కదా అన్న వాదన ఇక్కడ పనికిరాదు.

ప్రతి 25 మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు సలహాదారుగా ఉండి, హాస్టల్ వార్డెన్‌తోనూ తల్లిదండ్రులతోనూ సంబంధం పెట్టుకోవాలని యు.జి.సి. 2015 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఈ అధ్యాపకుడు శిక్షణ పొందిన కౌన్సెలర్‌కు బదులు కాదు, అక్కడికి చేర్చే తొలి మెట్టు. ర్యాగింగ్ విషయంలో తమిళనాడుకు 1997 నుంచే నిషేధ చట్టం ఉంది, యు.జి.సి. నిబంధనలు 2009లో వచ్చాయి. ర్యాగింగ్‌కు గురైన విద్యార్థి మనసు కుదుటపడేలా చూడడం కౌన్సెలర్ పని, విచారణ జరిపి చర్య తీసుకోవడం కమిటీ పని. 'రాజీ పడిపో' అని నచ్చజెప్పడం ఎవరి పనీ కాదు.

వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో అడగవలసినవి

స్కూలు హెడ్ మాస్టర్‌నో, కరస్పాండెంట్‌నో ఈ ప్రశ్నలు అడగండి. నలుగురు తల్లిదండ్రులు కలిసి అడిగితే జవాబు త్వరగా వస్తుంది.

1. మన స్కూల్లో కౌన్సెలర్ ఉన్నారా? వారి చదువు, శిక్షణ ఏమిటి? వారానికి ఎన్ని రోజులు వస్తారు?
2. కలవడానికి విడిగా గది ఉందా? క్లాస్ టీచర్ చీటీ లేకుండా పిల్లవాడు నేరుగా వెళ్లవచ్చా?
3. పిల్లవాడు చెప్పిన మాటలు ఎవరి దగ్గర ఉంటాయి? టి.సి.లో, రిపోర్టులో ఎక్కడైనా రాస్తారా?
4. అత్యవసరమైతే ఏ ఆసుపత్రికి పంపుతారు? మాకు ఎంతసేపట్లో చెబుతారు?
5. సహాయ నంబర్లు క్లాసుల్లో అంటించారా?

జవాబుగా 'మా స్కూల్లో అలాంటి సమస్యలు లేవండి' అన్నారంటే, కౌన్సెలర్ అవసరం అక్కడే ఎక్కువ ఉందని అనుకోవచ్చు.

స్కూల్లో కౌన్సెలర్ లేకపోతే

సాయం కోసం స్కూలు వైపే చూస్తూ కూర్చోనక్కరలేదు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన టెలి మానస్‌కు 14416 నంబరులో రాత్రీ పగలూ ఉచితంగా ఫోన్ చేయవచ్చు. భాష ఎంచుకునే వీలు ఉంది, అందులో తెలుగూ ఉంది. తమిళనాడు ఆరోగ్య సహాయ నంబరు 104. పిల్లలపై వేధింపులు, హింస విషయంలో 1098. డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ 1986లో చెన్నైలో స్థాపించిన 'స్నేహ' సంస్థ, బతుకు మీద విరక్తి కలిగినవారి మాట వినడానికే ఉంది. ఫోన్ 044-24640050. నేరుగా డాక్టరును చూడాలంటే కీల్పాక్కంలోని ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ, ఉత్తర చెన్నైవారికి దగ్గరగా స్టాన్లీ ఆసుపత్రి మానసిక వైద్య విభాగం ఉన్నాయి.

పిల్లవాడు చావు మాట ఎత్తితే, అది బెదిరింపేమో అని తేల్చే పని మనం పెట్టుకోవద్దు. ఒంటరిగా వదలకుండా పక్కన కూర్చుని, ఆ రోజే ఫోన్ చేయాలి. తిట్టడం, ఒట్టు వేయించుకోవడం, గుడికి తీసుకువెళ్లి మొక్కించి ఊరుకోవడం చాలవు. మొక్కు మొక్కుకోండి, డాక్టరు దగ్గరికీ తీసుకువెళ్లండి.

పై నంబర్లను ఒక కాగితం మీద తెలుగులోనూ, తమిళంలోనూ రాసి ఇంట్లో క్యాలెండర్ పక్కన అంటించండి. పిల్లలకు చూపించి, 'మాతో చెప్పలేనిది ఏదైనా ఉంటే వీళ్లతో చెప్పు, మేమేమీ అనుకోం' అని ఒక్క మాట చెప్పండి.